బాతుల వియ్యం

నీటి ఏడు 38, మే 2

ఈ రోజు ఏడు మందలు చూశాను. నాలుగింటికి సున్నా, ఒకదానికి మూడు, రెండింటికి ఆరు. ఆరు వచ్చిన రెండింట్లో ఒకటి మా బావ తేజయ్య మంద, ఇంకొకటి నాది. నాదని దాచడానికి లేదు. పెట్టె కడిగి మళ్ళీ చూసినా ఆరే వచ్చింది.

పెట్టె అంటే పసిగట్టు. బాతుల దడిలోంచి చెంచాడు రెట్ట తీసి అందులో వేస్తే, రోగం ఎంత ఉందో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకె చూపిస్తుంది. మెరకవాళ్ళు, అంటే నీళ్ళెక్కని ఎత్తు నేల మీది సర్కారువాళ్ళు, దానికి బారెడు పేరు పెట్టి పంపించారు గానీ మా పల్లంలో ఎవరికీ నోరు తిరగక పసిగట్టు అనేశాం. మా నీళ్ళలో పందొమ్మిది మందలున్నాయి. వాటిని వంతులవారీగా చూసి ఈ పుస్తకంలో రాయడం పన్నెండేళ్ళుగా నా పని. నా వయసు అరవై ఒకటి. నా తర్వాత ఇది ఎవరి చేతికి వెళుతుందో తెలియదు కాబట్టి అర్థమయ్యేలా రాస్తున్నాను. చేతిరాత సంగతి మాత్రం నన్ను అడగొద్దు.

బాతులు చూడ్డానికి నిక్షేపంలా ఉన్నాయి. మెడవాల్పు రోగంతో వచ్చిన చిక్కే అది. కోడికి వస్తే మెడ వాలి మూడో రోజుకు పోతుంది. బాతు దాన్ని కడుపులో పెట్టుకొని హాయిగా తిరుగుతుంది, నత్తలు తింటుంది, గుడ్లు పెడుతుంది. మనిషికి ఎక్కాకే మనకు తెలుస్తుంది. మా నీళ్ళలో ఇప్పటికి ఆరుగురికి జ్వరం వచ్చింది. ఇద్దరు పోయారు.

తేజయ్య పడవింటికి వెళ్ళేసరికి నాంచారి దడి దగ్గర కనిపించలేదు. నాంచారి చనిపోయిన మా అక్క కూతురు, ఇరవై నాలుగేళ్ళది. మా కాలంలో పిల్లలకు జాహ్నవి, చరణ్ తేజ అని పెట్టేవాళ్ళు. అవి ఇప్పుడు ముసలివాళ్ళ పేర్లయిపోయాయి, పిల్లలకేమో నాంచారి, పైడితల్లి అంటున్నారు. లోపలికి తొంగి చూస్తే పిల్ల మంచం మీద మూడు దుప్పట్ల కింద ఉంది. బయట ఎండ మాడ్చేస్తోంది.

“ఏమే, పొద్దెక్కినా మంచం దిగలేదేం?”

“ఒళ్ళు పేలిపోతంది పిన్నీ. ఊపిరి సగంలోనే ఆగిపోతంది.”

“ఎప్పట్నుంచి?”

“మొన్నట్నుంచి. నాన్నకి చెప్పమాక.”

దాని నుదుటి మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. ఏడో మనిషి అని ఈ పుస్తకంలో రాయడానికి చేతులు రాలేదు. అయినా రాశాను.

మే 3

నాంచారిని మెరక ఆసుపత్రికి చేర్చాం. దారి పొడుగునా తేజయ్య తెడ్డు వేస్తూనే ఉన్నాడు. మోటారు తిరుగుతోందన్న సంగతే అతనికి గుర్తులేదు. నేనూ చెప్పలేదు, ఏదో ఒకటి చెయ్యనీ అని.

పిల్లను అద్దాల గదిలో పెట్టి ముక్కుకు గొట్టం తగిలించారు. ఆ తర్వాత డాక్టర్ షమీమ్ నన్ను తన గదికి పిలిచింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, పల్లానికి వచ్చే మెరకవాళ్ళలో బురదకు మొహం చిట్లించని మనిషి ఈవిడ ఒక్కతే. గోడ మీద పటం వెలిగించి చూపించింది. మా బాతుల కాళ్ళకు మెరకవాళ్ళు వేసిన కడియాలు ఎక్కడెక్కడ తిరిగాయో అందులో గీతలు పడి ఉన్నాయి. ఒక్కో మందకు ఒక్కో రంగు. ఏ రంగూ ఇంకో రంగుతో కలవలేదు. వాటన్నింటినీ దాటుకుంటూ పోయినవి, వాళ్ళే కడియాలు వేసి వదిలిన అడవి పక్షుల గీతలే.

“చూశారుగా అమ్మా. మందలు ఒకదానికొకటి తగల్లేదు. కానీ అన్నింట్లోనూ ఒకే రకం రోగం ఉంది. అంటే పక్షులే మోస్తున్నాయని పైవాళ్ళు తేల్చేశారు. ఇరవయ్యో తారీఖున కిక్కిస లంకను కాలుస్తారు.”

కిక్కిస లంక మా నీళ్ళలో మిగిలిన ఒక్క మంచినీటి మడుగు. ముప్పై ఎనిమిదేళ్ళ కింద సముద్రం పొంగి ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు అంతా ఉప్పయిపోగా, ఆ రెల్లు చుట్టూ ఉన్న కాస్త జాగా తియ్యగా మిగిలింది. ఒకప్పుడు చలికాలం చుట్టపుచూపుగా వచ్చే పక్షులు ఇప్పుడు వెనక్కి పోవడం లేదు. ఉత్తరాన వాటి చెరువులు ఎండిపోయాయట. ఇల్లరికం వచ్చిన అల్లుళ్ళలా ఏడాదంతా అక్కడే ఇరుక్కొని ఉంటున్నాయి. లంకను కాలిస్తే ఆ లక్ష పక్షులూ రోగంతో సహా చెదిరి, నీళ్ళ మీద తేలే మా ప్రతి వరి మడిలోనూ ప్రతి ఊళ్ళోనూ వాలతాయి. తేనెతుట్టెను కదిలించడమే అది.

ఆ మాటే అన్నాను. ఆవిడ తలూపింది.

“నాకూ తెలుసండి. కానీ పక్షులు కాకపోతే మరేమిటో చెప్పమంటున్నారు. ఈ రోగం ఇంకా మనిషి నుంచి మనిషికి అంటడం నేర్చుకోలేదు. ఎక్కిన ప్రతి ఒళ్ళూ దానికి ఒక తరగతి. అది చదువు పూర్తి చేసేలోగా ఆపాలి.” నావైపు తిరిగి అడిగింది. “మీ మందా, మీ బావగారి మందా ఎప్పుడైనా కలిశాయా అమ్మా?”

“లేదండి,” అన్నాను.

అబద్ధం. ఇది కూడా రాయాలి. మాలో రెండు మందలు ఒకే నీళ్ళలో ఎదురుపడితే, మందలను దూరంగానే ఆపి దోనెల్లో జతలు పంపుకొని వియ్యం కలుపుకుంటాం. వాళ్ళ బాతుల జత ఒకటి మాకు, మా జత ఒకటి వాళ్ళకు. ఆడబాతు నెత్తిన పసుపు రాసి, “మీ పిల్ల మా ఇంట, మా పిల్ల మీ ఇంట” అని అప్పజెబుతాం. ఆ తర్వాత ఏడాది పాటు ఆ రెండు ఇళ్ళ మధ్య నీళ్ళ కోసం గొడవ రాకూడదు. పోలీసూ కోర్టూ లేని నీళ్ళ మీద ముప్పై ఎనిమిదేళ్ళుగా కర్రలు లేవకుండా కాపాడింది ఆ వియ్యమే. మెరక చట్టం ప్రకారం బాతు మంద మారాలంటే అనుమతి కావాలి. ఆ కాగితం వచ్చేసరికి బాతు ముసలిదై చస్తుంది. అందుకని కడియాలు విప్పి మార్చేస్తాం. కడియం పుట్టింట్లో ఉంటుంది, పిల్ల అత్తారింటికి పోతుంది. పటానికి మాత్రం ఏమీ తెలియదు.

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చొని, ఆవిడ ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

మే 6

పదకొండు జ్వరాలు. ముగ్గురు పోయారు. నాంచారి అలాగే ఉంది.

డాక్టరమ్మను దోనెలో ఎక్కించుకొని మిగతా మందలు చూపించాను. ఆరు, అయిదు, ఏడు. మళ్ళీ ఆరు. చివరికి కిక్కిస లంక అంచున ఉన్న జగడాల హేమంతు మడికి వెళ్ళాం. పక్షులు మోస్తున్నది నిజమైతే మొదట మునగాల్సింది ఇతని మందే. లంక పక్కనే, పక్షుల గూళ్ళ కింద.

పసిగట్టు సున్నా చూపించింది. డాక్టరమ్మ మూడుసార్లు చూసింది. మూడుసార్లూ సున్నాయే.

హేమంతు గెడ పుచ్చుకొని వచ్చాడు. ఇతను మా నీళ్ళలో అందరితోనూ తగువు పెట్టుకున్న మనిషి. వాళ్ళావిడతో కూడా ఆర్నెల్లకోసారి మాట్లాడతాడని చెప్పుకుంటారు. మడి మొత్తం మీద పాత చేపల వలలు పందిరిలా కట్టి ఉన్నాయి.

“ఈ వలలెందుకండి?” డాక్టరమ్మ అడిగింది.

“నా నీళ్ళలో ఎవుడు దిగినా ఊరుకోను. మడిసైతే ఏంటి, పిట్టైతే ఏంటి? నా మేత నా బాతులకే.”

“మీ బాతులు ఇంకెవరి మందతోనైనా కలుస్తాయా?”

“నాతో ఎవుడు కలుత్తాడమ్మా!” అని నావైపు కొరకొరా చూశాడు. “పాతికేళ్ళయింది, ఒక్కడు నాతో వియ్యం...”

“డాక్టరమ్మా, ఎండెక్కిపోతోంది,” అని నేను దోనెను వెనక్కి తోశాను. ఆవిడ నన్ను వింతగా చూసింది గానీ ఏమీ అడగలేదు.

దారంతా హేమంతు మాటే చెవిలో మోగింది. అతనికి వియ్యం లేదు, రోగం లేదు.

మే 7

ఈ పుస్తకాన్నే వెనక్కి తిప్పి చూశాను. ఫిబ్రవరిలో ఉప్పునీళ్ళు తాగి నా బాతులు గుడ్లు మానేస్తే, తోలుకెళ్ళి కిక్కిస లంక మడుగులో దించాను. నీళ్ళు మోకాలు లోతుకు పడిపోయి ఉన్నాయి. పక్షులూ నా బాతులూ రెక్కలు రాసుకుంటూ ఒకే గుంటలో తాగాయి. నాలుగు రోజులు అక్కడే ఉంచాను.

మార్చి 28న నా చేతిరాతే ఇలా ఉంది: “మన మంద, నాలుగు. నత్తలు ఎక్కువ తిన్నట్టున్నాయి. ఇంకో మూల రెట్ట తీసి చూశాను, సున్నా. సున్నా రాశాను.”

మార్చి 29న: “తేజయ్య మంద ఎదురొచ్చింది. వియ్యం. పసుపు నేనే రాశాను. నాంచారి అందుకుంది.”

నాలుగు వస్తే ఆ రోజు మందను కట్టేయాలి. అది నేను అందరికీ చెప్పే రూలు. నా దగ్గరికి వచ్చేసరికి నత్తల మీదికి నెట్టాను. పక్షి నా మందకు రోగాన్ని ఒక్కసారే ఇచ్చింది. దాన్ని పసుపు రాసి నాంచారి చేతుల్లో పెట్టింది నేను. నా అక్క ఈ పిల్లను నా ఒళ్ళో పెట్టి పోయింది. నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కొని రేపటి పనికి దోనెలో డీజిల్ చూసుకున్నాను.

మే 9

తేజయ్య దగ్గరికి వెళ్ళాను. మా పందొమ్మిది మందలకు పెద్ద అతనే, అతను కాదంటే ఎవరూ నోరు విప్పరు. పడవ అంచున కూర్చొని తెగిన వల అల్లుకుంటున్నాడు. ఎప్పుడూ నన్ను చూడగానే ఏదో ఒక ఎకసెక్కం ఆడే మనిషి, ఈ రోజు తల కూడా ఎత్తలేదు.

“బావా, ఇది పిట్టల వల్ల కాదు. వియ్యాల వల్ల. మనమే ఇంటింటికీ మోసాం.”

అల్లిక ఆగింది. “ఎవరితో అన్నావు ఈ మాట?”

“ఇంకా ఎవరితోనూ అన్లేదు. డాక్టరమ్మకు చెప్పాలి.”

“చెప్పి? కడియాలు మార్చామని తెలిత్తే మందలన్నీ తీసేత్తారు. బాతుల్లేకపోతే నత్తలు తేలుమడుల్ని ఊడ్చేత్తాయి. వరి లేకపోతే ఏం తింటావే? ఉప్పు తాగుతావా? ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్లేదు మరదలా.”

“గుట్టుగా ఉంచే కదా బావా ముగ్గురు పోయింది. ఇరవయ్యో తారీకున లంక కాలిత్తే ఆ పిట్టలు ఎక్కడికి పోతాయనుకున్నావు? మన నెత్తికే. అప్పుడు బాతులూ మిగలవు, మనమూ మిగలం.”

“నా పిల్ల ఆడ గొట్టాలేసుకుని ఉంటే నువ్వు నాకు లెక్కలు చెప్తన్నావు.”

అప్పుడే చెప్పేయాల్సింది, నీ పిల్లకు అంటించింది నేనేనని. నోటి దాకా వచ్చింది. చెప్పలేక లేచి వచ్చేశాను. చావడానికి భయపడని దాన్ని మా బావ మొహానికి భయపడ్డాను.

మే 13

నాలుగు రోజులుగా పడవిళ్ళు తిరుగుతున్నాను. మగవాళ్ళ దగ్గరికి పోలేదు, వాళ్ళకు తేదీలు గుర్తుండవు. ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నాను. వియ్యాలు వాళ్ళకు పెళ్ళిళ్ళలాగే గుర్తుంటాయి. ఎవరి పిల్ల ఎవరింటికి వెళ్ళింది, వెళ్ళిన చోట సుఖపడుతోందా, పొదుగుతోందా, అన్నీ.

“మా నల్లమచ్చ దాన్ని దిగువోళ్ళకిచ్చాం కదక్కా. ఏప్రిల్ అయిదున. ఎంత అరిచిందో పాపం, దోనె కనుమరుగయ్యేదాకా,” అంది ఒక ఆవిడ. ఆవిడ భర్త పక్క గదిలో జ్వరంతో మూలుగుతున్నాడు. ఆ అరిచిన బాతు బదులు వచ్చిన బాతే ఆయనకు జ్వరం తెచ్చిందని ఆవిడకు తెలియదు. చెప్పాను. చెప్పకుండా పేరు రాసుకుంటే అది దొంగతనం అవుతుంది. ఆవిడ చాలాసేపు కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. తర్వాత ఇంకో రెండు వియ్యాలు చెప్పింది, నేను అడక్కుండానే.

ఫిబ్రవరి నుంచి మొత్తం పద్నాలుగు వియ్యాలు. కాగితం మీద గీసుకుంటూ పోతే పదకొండు మందలు ఒకే తీగ మీద వచ్చాయి. ఆ పదకొండింటికీ రోగం ఉంది. తీగ మీద లేని ఎనిమిదింటికీ సున్నా. తీగ మొదట్లో ఉన్నది నా మంద.

మే 14

డాక్టరమ్మకు కాగితం ఇచ్చాను. తన పటం పక్కన పెట్టి చదివింది. మొదట మొహం వెలిగింది, తర్వాత ఎర్రబడింది.

“మూడో తారీఖున మిమ్మల్ని సూటిగా అడిగాను. పదకొండు రోజులు, జాహ్నవమ్మగారూ! ఈ పదకొండు రోజుల్లో ఇంకో ముగ్గురు చనిపోయారు, మొత్తం అయిదుగురు.”

“అవునండి.”

“ఎందుకు దాచారు?”

“మందలు పోతాయని. పరువు పోతుందని. మొదట పోయేది నా పరువే కాబట్టి.”

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను తిట్ల కోసం ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి వచ్చి కుర్చీ లాక్కొని పని మాట మొదలుపెట్టింది.

“ఒక్కరు రాసిన కాగితం చూసి పైవాళ్ళు ఉత్తర్వు ఆపరు. యంత్రం గీసిన పటం ఒకపక్క, మీ చేతిరాత ఒకపక్క. ప్రతి కాపరీ నా ముందు తన నోటితో చెప్పాలి, ఏ రోజు ఎవరికి ఇచ్చాడో. చెప్పిన పదకొండు మందలనూ తీసేయాల్సి వస్తుంది. అందులో మార్పు లేదు. కడియాల నేరం మాత్రం ఎవరి మీదా పెట్టకుండా చూస్తాను, అది నా పూచీ.”

“పదహారున రండి,” అన్నాను.

“వాళ్ళు చెబుతారంటారా?”

“నేను చెబుతాను. మిగతాది చూద్దాం.”

మే 16

తేలుకళ్ళం మీద అందరం చేరాం. వరి నూర్చుకునే పెద్ద తెప్ప అది, రెండు వందల మంది పడతారు. మనిషికీ మనిషికీ మధ్య గెడంత దూరం ఉంచి కూర్చోబెట్టాను. డాక్టరమ్మ ఒక మూల బల్ల వేసుకుంది. తేజయ్య ఎదురుగా చేతులు కట్టుకొని కూర్చున్నాడు. అతనికి ముందే చెబుదామని పొద్దున్న వెళితే నాంచారి దగ్గర నుంచి ఇంకా రాలేదన్నారు.

హేమంతు కూడా వచ్చాడు, ఎవరూ పిలవకపోయినా. తెప్ప చివర నిలబడి అందరినీ తిట్టుకుంటున్నాడు.

నేను లేచాను. ఈ పుస్తకం తెరిచి మార్చి 28 పుట చదివాను. నాలుగు వచ్చిందనీ, సున్నా రాశాననీ చదివాను. తర్వాతి రోజు పుట కూడా చదివాను. “నాంచారి అందుకుంది” అన్న మాట మింగేశాను. ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

“బావా, నీ పిల్లకు ఈ జ్వరం ఇచ్చింది నేను. పిట్టలు కాదు,” అన్నాను. “ఇంకెవరి మందను తీసేసినా ముందు నాది తీసేయాలి.”

వెనక నుంచి ఎవడో “ఇది చెప్పిందని మా మందలు తీసేత్తారా?” అన్నాడు. ఇంకొకడు “దీన్నే ముందు నీళ్ళలో తొయ్యాలి” అన్నాడు. తొయ్యండి అన్నాను. ఈత వచ్చు నాకు.

తేజయ్య లేచాడు. నా దగ్గరికి వస్తాడనుకున్నాను. కొడతాడేమోననే అనుకున్నాను. నన్ను దాటుకొని డాక్టరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

“రాసుకో అమ్మా. నా పేరు మోరు చరణ్ తేజ. మార్చి ఇరవై తొమ్మిదిన మా మరదలి మందలోంచి ఒక జత నా మందలోకి ఒచ్చింది. కడియాలు నేనే మార్చాను. ఏప్రిల్ రెండున ఒక జత పెదలంకోళ్ళకిచ్చాను. ఏప్రిల్ తొమ్మిదిన ఇంకో జత, ఇదిగో, ఈడికి.” చెయ్యి చూపించాడు. “లేవరా. నువ్వెవరికిచ్చావో నువ్వు చెప్పు.”

వాడు లేచాడు. వాడి తర్వాత వాడిచ్చినవాడు లేచాడు. కొందరు ఏడుస్తూ చెప్పారు, కొందరు నన్ను బూతులు తిడుతూ చెప్పారు. మధ్యాహ్నానికి పద్నాలుగు వియ్యాలూ వాళ్ళ నోటితోనే వచ్చాయి. నా కాగితంలో రెండు తేదీలు తప్పని కూడా తేలింది.

తేజయ్య నాతో మాట్లాడకుండానే దోనె ఎక్కి ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

మే 19

తెల్లబట్టలు వేసుకున్నవాళ్ళు నిన్నా ఈ రోజూ వచ్చారు. మొదట నా దడి తెరిచాను. నాలుగు వందల పన్నెండు. అవి మనిషి కనబడితే మేత అనుకొని పరిగెత్తుకొస్తాయి, ఎవరూ తోలక్కర్లేకుండానే వాళ్ళ గ్యాసు పెట్టెల్లోకి నడిచాయి. నేను చివరిదాకా అక్కడే నిలబడ్డాను. సాయంత్రానికి పదకొండు దడులూ ఖాళీ అయ్యాయి. సున్నం చల్లాం.

లంకను కాల్చే ఉత్తర్వు ఆగిపోయింది. డాక్టరమ్మ స్వయంగా వచ్చి చెప్పింది. బదులుగా, లంక మడుగులో ఇక బాతును దించకూడదు, మిగిలిన ఎనిమిది మందల మీద హేమంతు మడి మీద ఉన్నట్టు వలలు కట్టాలి. వాటిని కట్టే పద్ధతి నేర్పమని అడిగితే హేమంతు గంటసేపు తిట్టి, తర్వాత మిగతా ఏడిళ్ళకూ వెళ్ళి తనే కట్టి వచ్చాడు. నత్తల సంగతి ఇక చేతులతోనే. రేపటి నుంచి ఇంటికి ఇద్దరు మడుల్లోకి దిగి ఏరాలి. నడుము విరుగుతుంది, విరగనీ.

మూడు రోజులుగా కొత్త జ్వరం లేదు.

మే 21

నాంచారి ముక్కుకు గొట్టం తీసేశారని కబురొస్తే పొద్దున్నే వెళ్ళాను. అద్దానికి అవతల దిండుకు ఆనుకొని కూర్చుంది. చెంపలు పీక్కుపోయాయి. అద్దానికి ఉన్న చిల్లుల్లోంచి మాట్లాడాలి. తేజయ్య బయట వరండాలో ఉన్నాడు. నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడు, అంతే.

నాంచారికి అంతా చెప్పాను. వాళ్ళ నాన్న చెప్పి ఉంటాడని తెలుసు, అయినా నా నోటితో చెప్పాలి. నాలుగు, సున్నా, పసుపు, అన్నీ. అది దుప్పటి అంచు చుట్టుకుంటూ విప్పుతూ వింది.

“మందలన్నీ పోయినట్టేనా?”

“పదకొండు పోయాయి. ఇంక మన నీళ్ళలో రోగం లేదు.”

“ఎన్ని వియ్యాలు రాశావు పిన్నీ?”

“పద్నాలుగు.”

అది కళ్ళు మూసుకుంది. నిద్ర వస్తోందేమోనని లేవబోయాను.

“పదిహేను,” అంది.

మళ్ళీ కూర్చున్నాను.

“చిలకమ్మ లేదా, నాతో పెరిగింది? ఏప్రిల్ ఇరవై నాలుగున వాళ్ళ అత్తారి మంద దక్షిణం నీళ్ళకు పోతా మన మడి పక్కనుంచి ఎల్లింది. వాళ్ళ మావకీ నాన్నకీ పడదు కదా. నాన్న నిద్దరోతంటే నేనే ఒక జత ఇచ్చేశా. కడియాలు నేనే మార్చా. ఎవరికీ చెప్పలేదు.” ఊపిరి కోసం ఆగింది. “నువ్విచ్చిన జతనే ఇచ్చా పిన్నీ. మంచివని.”

దక్షిణం నీళ్ళలో అరవై మందలున్నాయి. తొలకరి పడగానే అన్నీ ఒక్క రేవులో చేరి ఒకదానితో ఒకటి వియ్యాలు కలుపుకుంటాయి. తొలకరికి ఇంక పదిహేను రోజులు కూడా లేదు.

డాక్టరమ్మను పిలిచి చెప్పాను. ఆవిడ ఫోను అందుకోబోతే వద్దన్నాను. మెరక నుంచి ఫోను వెళితే వాళ్ళు మందలను రెల్లులో దాచేస్తారు, మేమైనా అదే చేసేవాళ్ళం. పల్లం మనిషి వెళ్ళి పల్లం మాటలో, నేనేం చేశానో చెప్పి అడగాలి. ఆవిడ తన గదిలో ఉన్న కొత్త పసిగట్టూ, నెల రోజులకు సరిపడా మాత్రలూ తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

వెళ్ళబోతూ అద్దం దగ్గర ఆగాను.

“నా మీద కోపం లేదా?”

“ఎందుకు లేదు? బోలెడుంది,” అంది నాంచారి. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. “నువ్వు తిరిగొచ్చాక కూచోబెట్టి తిడతా. ముందు నువ్వెల్లు పిన్నీ.”

పది గంటలకు రేవు వదిలాను. గాలి ఎదురుగా ఉంది. చిలకమ్మ అత్తారి మందకు రెండు రోజుల దారి. పందొమ్మిది మందల ఈ పుస్తకంలో ఇరవయ్యో మంద పేరు రాసుకున్నాను, అంకె వెయ్యాల్సిన చోటు ఖాళీగా ఉంచాను.